చోటు కల్పించడం

మన సీమలో ఇంటి అరుగుకైనా, మస్జిద్ వసారాకైనా, బడి గదికైనా పరిచేది నాపరాయే. కొందరు దానిని బేతంచెర్ల బండ అంటారు, కొందరు కడప బండ అంటారు. వేసవిలో చల్లదనాన్నిచ్చే ఆ రాయే డిసెంబరు ఉదయాల్లో పిల్లల కాళ్ళను కొయ్యబారుస్తుంది.

ముప్పై ఏళ్ళుగా నేను కర్నూలులో ఆ బండల మీదనే పాఠం చెబుతున్నాను. మా మదరసాలో బెంచీలు లేవు. కింద జంపఖానా, విద్యార్థి ముందు పొట్టి చెక్కబల్ల. హిఫ్జ్ పిల్లలు ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని దౌర్ చేసుకుంటారు. హదీసు పాఠానికి అందరూ వలయంగా చేరుతారు. బల్లలు తేలికైనవి, చిన్నపిల్లలు సైతం జరుపుకోగలరు. ఈ స్వేచ్ఛ బడులకు లేదని నాలో కొంత గర్వముండేది. గత చలికాలంలో చేసిన ఒక ప్రయాణం దానిని అణచివేసింది.

నా పూర్వ విద్యార్థి ఒకరు కడప సమీపంలోని ఒక పల్లెలో ప్రభుత్వ ఉపాధ్యాయుడు. నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరుల మీదుగా బస్సులో వెళ్ళి అతని బడి చేరుకున్నాను. 2019 నవంబరులో మొదలైన ‘మన బడి నాడు–నేడు’ తర్వాత ఇటువంటి ఎన్నో బడులకు కొత్త బల్లలు వచ్చాయి. అతని గదిలో అవి వరుసలుగా లేవు. మూడు గోడల వెంబడి చేర్చి ఉన్నాయి. మధ్యనున్న బండల మీద చాపలు పరిచి, కొందరు పిల్లలు గుంపుగా లెక్కలు చేస్తున్నారు. కిటికీ దగ్గర ఒక బాలిక నిలబడి వ్రాసుకుంటోంది.

ఇది క్రొత్త వింత కాదని అతడు వివరించాడు. మదనపల్లె సమీపంలోని రిషి వ్యాలీ వారు పరిసర పల్లెల్లో నడిపిన బడుల్లో వేర్వేరు తరగతుల పిల్లలు గుంపులుగా కూర్చుని కార్డుల సాయంతో చదువుకునేవారు. ఒక గుంపుకు గురువు దగ్గరుండి చెప్పేవాడు. మరొక గుంపులో తోటివారే ఒకరికొకరు నేర్పుకునేవారు. 2003లో చెన్నై నగర పాఠశాలలు ఆ బాటలోనే నడిచాయి. 2025లో తమిళనాడు విద్యాశాఖ తమిళ ‘ప’ అక్షరం ఆకారంలో బల్లలు వేయమన్నప్పుడు, పక్కన కూర్చున్నవారికి మెడ నొప్పి వస్తుందని కొందరు ఆక్షేపించారు. అందుకే అతడు ప్రతి సోమవారం అందరి చోట్లూ మారుస్తాడు.

“ఇంత శ్రమ ఎందుకు బాబూ?” అని అడిగాను.

అతడు కొంచెంసేపు తల వంచుకున్నాడు. “హజ్రత్, మీరు నల్లబల్ల మీద వ్రాసిన సర్ఫ్ పట్టికలు నాకు కనిపించేవి కావు. కంటి శిబిరంలో అద్దాలు ఇచ్చేవరకు అది చూపు లోపమని నాకూ తెలియదు.”

నాకు గుర్తుకొచ్చింది. రెండేళ్ళపాటు ఆ బాలుణ్ణి మందబుద్ధి అనుకుని చివరి వరుసలో కూర్చోబెట్టింది నేనే. మా బల్లలు తేలికైనవే. నా నిర్ణయమే కదలలేదు. బాగా అప్పజెప్పేవారు ముందు, తడబడేవారు వెనుక అని గీత గీసినవాణ్ణి నేను. “నన్ను మన్నించు నాయనా” అన్నాను. అతడు నా చేతులు పట్టుకుని, “మీరు నేర్పిన అరబీతోనే నేడు ఖుర్ఆన్ అర్థం చేసుకుంటున్నాను” అన్నాడు. ఆ మాట నన్ను ఓదార్చలేదు. మరింత సిగ్గుపడేలా చేసింది.

సమావేశాల్లో చోటు కల్పించమని కోరితే కల్పించండని, అల్లాహ్ మీకు విశాలతను ప్రసాదిస్తాడని ముజాదలా సూరా 11వ ఆయత్ బోధిస్తోంది. ఆ ఆయత్‌ను ఎన్నోసార్లు వివరించిన నేను, నా గదిలోనే ఒక పిల్లవాడికి చోటివ్వలేకపోయాను.

తిరిగి వచ్చిన మరునాడే ప్రతి బాలుణ్ణీ చివరి వరుస నుండి నల్లబల్ల చదవమన్నాను. ఇద్దరు చదవలేకపోయారు. వారిని ముందుకు పిలిచి, కంటి వైద్యుని వద్దకు తీసుకువెళ్ళమని తల్లిదండ్రులకు కబురు పంపాను. అన్ని బల్లలూ ఇక వారానికోసారి మారుతాయి.

తల్లిదండ్రులారా, నేడు బడి నుండి వచ్చిన మీ బిడ్డను మార్కుల కంటే ముందు ఒక మాట అడగండి: “నీవు కూర్చున్న చోటు నుండి నీకు అన్నీ కనిపిస్తున్నాయా?”