సారథి లేని యంత్రము

2022వ సంవత్సరపు వానకాలమున జనగామలోని మా యింట నాలుగు దినములపాటు ఒక్కటే మాట వినవచ్చుచుండెను: "డ్రైవరు లేదు." మాకు కారు లేదు, బండియు లేదు. ఎనుబదియేండ్లు దాటిన మా యత్తగారు మూడవనాడు విసిగి, "డ్రైవర్ లేడు లేడని ఒక్కతీరుగ పరేశానైతున్నరు. బస్టాండుకు పోయి ఎవన్నన్న తోల్కరారాదుండ్రి, కిరాయి నేనిస్త" అనిరి. మేమందరము నవ్వితిమి. మా కోడలు మాత్రము నవ్వలేదు.

కోడలు భూపాలపల్లి పిల్ల. తండ్రి బొగ్గుగనిలో షిఫ్టుల పని చేయుచు కూతునకు కంప్యూటరు విద్య చెప్పించెను. వివాహమైన యేడాదికి హైదరాబాదులోని యొక కంపెనీవారు ఆమెకు ఇంటినుండియే చేయదగిన యుద్యోగ మీయ నంగీకరించిరి. సోమవారము మొదలు పదునైదు దినములు పరీక్ష. పని తీగమీది యింటర్నెట్టుతోనే జరుగవలెను, ఫోను పనికిరాదు. మా వియ్యంకుడు ఆమె పాత కంప్యూటరును బొంతలో చుట్టి, హనుమకొండమీదుగా బస్సులో తెచ్చి యిచ్చెను. ఆ వేసవిలో పిడుగుపడి దాని తీగ గుచ్చు భాగము కాలిపోయినందున నొక కొత్త నెట్‌వర్క్ కార్డును వేయించియుండిరి. తీగ గుచ్చగానే కార్డుమీద పచ్చదీపము వెలిగెను. తెరమీద మాత్రము నెట్‌వర్కు లేదనియే వచ్చెను. దీపము పెట్టియున్న యింట పలుకువారు లేనట్లుండెను.

ఇచ్చట మా సంగతి యొకటి దాచక వ్రాయవలసియున్నది. అయ్యో పాపమని పైకి అనుచుంటిమే గాని, ఈ తీగ యిట్లే మూగవోయిన బాగుండునను తలంపు మా మనస్సున నొక మూల లేకపోలేదు. కోడలు తెల్లవారినది మొదలు తెరముందు కూర్చుండిన వంట యెవరు చేయుదురు, ముసలమ్మగారి నెవరు కనిపెట్టుకొని యుందురు? మా కుమార్తెయు పెండ్లికి ముందు ఉద్యోగము చేసినదే. మహబూబాబాదు అత్తవారింటికి పోయిన పిదప మానుకొన్నది. మానుకొమ్మని హితవు చెప్పినవారము మేమే.

శుక్రవారమునాడు చిక్కుడుకాయలు ఒలుచుచు, కొంత వేళాకోళముగానే, "ఇంతకును ఈ డ్రైవరెవరు?" అని యడిగితిమి. ఆమె చేతిపని మానకయే చెప్పుకొనిపోయెను. విన్నంతలో మా వేళాకోళము తగ్గినది. సోదరీమణులకును ఆ మాటలు రుచించునని వ్రాయుచున్నాము.

కంప్యూటరు వ్యవస్థకు నడిమి భాగము కెర్నెలు, అనగా గింజలోని పప్పు. అది "ఈ మూటను పంపుము" అని మాత్రమే చెప్పగలదు. కార్డుకు ఆ మాట తెలియదు. ఏ గడిలో ఏ సంఖ్య వ్రాసిన తాను కదలునో ఆ లెక్క మాత్రమే దానికి తెలియును. ఆ గడులు ఒక్కొక్క కార్డునకు ఒక్కొక్క తీరు. పూర్వము చెన్నపట్నమున కుంఫిణీ దొరలకును మన వర్తకులకును నడుమ దుబాసీలుండిరి గదా, డ్రైవరు అట్టి దుబాసి. మనుష్యుడు గాదు, వ్రాత.

మూటలు వచ్చు విధము మరియు ముచ్చటైనది. డ్రైవరు కంప్యూటరు జ్ఞాపకములో కొన్ని ఖాళీ కడవలను వలయముగా పేర్చియుంచును. తీగవెంట వచ్చిన మూటను, సామాన్యముగా 1500 బైట్లకు మించనిదానిని, కార్డు ఒక కడవలో పోసి తలుపు తట్టును. డ్రైవరు వచ్చి కడవను ఖాళీచేసి మరల వరుసలో పెట్టును. ఖాళీ కడవ లేనివేళ వచ్చిన మూట నేలపాలే. మూటలు వేలకొలది వచ్చునప్పుడు తట్టుట, లేచుటతోనే పొద్దు పోవును. అందుచేత మంచి డ్రైవరు "ఇక తట్టకుము, నేనే వచ్చి చూచుకొందును" అని చెప్పి వరుసగా ఖాళీచేయుచు పోవును. సద్దుల బతుకమ్మనాడు వచ్చిపోవువారికి మన మొక్కొక్కసారి గడియ తీయుదుమా? తలుపు తెరచియే యుంచుదుము.

ఈ తీగల పద్ధతికి ఈథర్నెట్టని పేరు. 1973లో అమెరికాలోని జిరాక్సువారి పరిశోధనాలయమున రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ అనువారు దీనికి రూపమిచ్చిరి. వెలుగును మోయునని పూర్వపు శాస్త్రజ్ఞులు నమ్మిన ఈథరు పేరు దీనికి పెట్టిరట. మన పెద్దలు శబ్దమునకు ఆకాశమును చెప్పినట్లే. కోడలి కంప్యూటరులోనిది లినక్సు. 1969లో బెల్ ప్రయోగశాలలో పుట్టిన యూనిక్సు పోలికతో, 1991లో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టినది. దాని డ్రైవర్లను ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును. నాసావారి గొడార్డు కేంద్రమున పనిచేసిన డొనాల్డ్ బెకర్ ఎన్నో రకముల కార్డులకు తొలి డ్రైవర్లు వ్రాసెను. 1994లో ఆయనయు థామస్ స్టెర్లింగును 16 సామాన్య కంప్యూటర్లను ఈథర్నెట్టుతో కలిపి ఒక్క మహాయంత్రమువలె పనిచేయించిరి. మన హైదరాబాదులో స్వేచ్ఛ యను సంస్థవారు లినక్సుచేత తెలుగు పలికించిరి. డ్రైవరు వ్రాతలు మాత్రము నేటికిని ఆంగ్లముననే యున్నవి.

"మరి నీ కార్డుకేమి వచ్చె?" అంటిమి. కార్డు తన్ను చేసినవారి సంఖ్యను, తన రకపు సంఖ్యను అడుగగానే చెప్పుచున్నదట. ఇందులోని కెర్నెలు కార్డుకంటె పాతది గనుక ఏ డ్రైవరు పట్టికలోను ఆ సంఖ్యలు లేవట. మా కుమారుడు ఫోనులో నొక డ్రైవరును దింపి యెక్కించి చూచెను. అది వేరొక కెర్నెలుకై సిద్ధపరచినది. ఏలిక మారిన దుబాసియు మారవలెను గాబోలు, గడప దాటనీయలేదు. కొత్త కెర్నెలే కావలెను. అది పెద్దది, ఫోనులో ఆనాటి డేటా అయిపోయినది.

"నెట్టు ఉంటెనే డ్రైవర్ వస్తది అత్తమ్మా, డ్రైవర్ ఉంటెనే నెట్టు వస్తది" అని కోడలు నిట్టూర్చెను. పెండ్లియైతే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెండ్లి కాదన్న సామెత మాకు జ్ఞప్తికి వచ్చినది. పైకి అనలేదు.

శనివారము రాత్రి ఆమె మహబూబాబాదునకు ఫోను చేసినదని మాకు తెలియదు. ఆదివారము మధ్యాహ్నము మా కుమార్తె కాజీపేటమీదుగా రైలులో వచ్చి గుమ్మమున నిలువగా నివ్వెరపోతిమి. చీర కొంగు ముడిలోనుండి పెన్ డ్రైవు తీసి, "ఇగో మరదలా, నువ్వు చెప్పిన ఫైళ్లన్నీ ఇండ్లున్నయి" అని చేతిలో పెట్టెను. కాళ్లైన కడుగుకొనలేదు. "ఒక్కదానివే వచ్చినావా, అల్లుడుగారేమన్నారు?" అని మేమడిగితిమి. "చెప్పి వచ్చిన" అని మాత్రమనెను. వదినా మరదండ్రు ఇద్దరును గదిలో చేరిరి. వంట ఆ పూట మేము చేసితిమి. మా యత్తగారికి మందులును మేమే యిచ్చితిమి. కష్టమేమియు తోచలేదు.

దీపాలవేళకు కంప్యూటరును ఒకసారి ఆపి మరల లేపిరి. పచ్చదీపము ప్రక్కన పసుపుపచ్చ దీపము మినుకుమినుకుమని కొట్టుకొనసాగెను. మూటలు వచ్చిపోవుచున్న గురుతట. కోడలు కుర్చీనుండి లేచి వదినను కౌగిలించుకొన్నది. మా కుమార్తె తెరను చూచుచు, "నేను జేసేటప్పుడు ఇంటి నుంచి చేసుడు లేకుండెనే అమ్మా" అనెను. అందు నిష్ఠూరము లేదు. మాకే సమాధానము దొరకలేదు.

పదునైదు దినముల పరీక్ష నెగ్గినది. వంట ఒక పూట మాది, ఒక పూట ఆమెది. ఉప్పు విషయమున మాత్రమే తగవులు.

మొన్న మహబూబాబాదునుండి ఫోను వచ్చినది. మా కుమార్తె అటకమీది కంప్యూటరును దింపించి దుమ్ము తుడిచినదట. దాని కార్డుకు డ్రైవరున్నదో లేదో చూచి చెప్పుమని మరదలిని కోరెను. కోడలు పనిలో నుండెను. "సంఖ్యలు మాకు చెప్పు, వ్రాసియుంచెదము" అంటిమి. చేతికి కాగితము దొరకక, ఆమె చదివిన నాలుగేసి అక్షరముల రెండు సంఖ్యలను పాలలెక్క పుస్తకము వెనుక అట్టమీద వ్రాసికొని, తప్పుపోకుండ రెండుమారులు తిరిగి చదివి వినిపించితిమి.