నేతన్నల ఊరి పక్కనే రోమ్ ఓడల రేవు

భివండీ పద్మానగర్‌లో ఏ గల్లీకి వెళ్లినా సాంచాల (మరమగ్గాల) చప్పుడే. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి తరాల కిందట వచ్చిన పద్మశాలీలు ఇక్కడ ఇప్పటికీ తెలుగులోనే పలకరించుకుంటారు. ఈ పట్టణానికి ఒక పక్క కల్యాణ్, మరో పక్క నాలాసోపారా. మనకు ఇవి లోకల్ రైళ్లు ఆగే స్టేషన్లు. క్రీ.శ. ఒకటో శతాబ్దంలో మాత్రం రోమన్ ఈజిప్టు నుంచి ఓడలేసుకొచ్చే వర్తకులకు తెలిసిన రేవులు. ఆ కాలపు గ్రీకు నావికుడొకరు రాసిన 'పెరిప్లస్'లో సుప్పార, కల్లియేన అనే పేర్లతో రెండూ ఉన్నాయి.

సాంచాలకు సెలవున్న రోజు, వాటిపై పనిచేసే ఒక సిరిసిల్ల తమ్ముడితో కలిసి సోపారా బయల్దేరాను. భివండీ రోడ్‌లో వసాయి వెళ్లే రైలెక్కి, అక్కడ విరార్ లోకల్‌కు మారితే తర్వాతి స్టేషనే నాలాసోపారా. కిక్కిరిసిన అపార్ట్‌మెంట్లు దాటాక చెట్ల మధ్య పెద్ద ఇటుకల దిబ్బ కనిపించింది. ఊరివాళ్లు 'బురుడ్ రాజాచే కోట్' అని పిలిచే ఆ దిబ్బ ఒక బౌద్ధ స్తూపం.

1882లో పండితుడు భగవాన్‌లాల్ ఇంద్రజీ దీన్ని తవ్వించారు. స్తూపం నడుమ రాతి పెట్టె దొరికింది. అందులో రాగి, వెండి, రాయి, స్ఫటికం, బంగారం కరండాలు ఒకదానిలో ఒకటి అమర్చి ఉన్నాయి. అన్నిటికన్నా లోపలి బంగారు కరండంలో మట్టి పాత్ర పెంకులున్నాయి. అవి బుద్ధుడి భిక్షాపాత్రవని భక్తుల నమ్మకం. చుట్టూ ఎనిమిది కంచు బుద్ధ విగ్రహాలు. వాటితోపాటు యజ్ఞశ్రీ శాతకర్ణి వెండి నాణెం ఒకటి.

"యజ్ఞశ్రీ అంటే మన శాతవాహన రాజేనా అన్నా?" అన్నాడు తమ్ముడు. అవునన్నాను. ఆయన శాసనాలు ఇటు నాసిక్, కన్హేరీ గుహల్లోనూ, అటు ఆంధ్ర తీరాన చినగంజాంలోనూ ఉన్నాయి. రెండు సముద్రాల రేవులూ ఒకే రాజ్యంలో ఉన్న కాలమది.

ఆ రేవుల్లో సరుకు ఏమిటో చెబితే తమ్ముడి ముఖం వెలిగిపోయింది. అది బట్ట. తగర, అంటే నేటి తేర్ నుంచి ముతక బట్టలు, సన్నని నూలు బట్టలు బండ్ల మీద పశ్చిమ తీరంలోని మరో రేవు భరుకచ్ఛానికి (నేటి భరూచ్) చేరేవని పెరిప్లస్ చెబుతోంది. మచిలీపట్నం ప్రాంతమైన మసాలియాలో సన్నని బట్టలు విస్తారంగా నేస్తారనీ రాసింది. భారతదేశం ఏటా ఐదు కోట్ల సెస్టర్స్‌లు లాగేసుకుంటోందని రోమ్‌లో రచయిత ప్లినీ వాపోయాడు. ఆ డబ్బు మన పల్లెల దాకా వచ్చింది. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో వెయ్యికి పైగా రోమన్ వెండి నాణేలు ఒక్కచోటే దొరికాయి. కరీంనగర్ ప్రాంతపు పెద్దబంకూరు తవ్వకాల్లోనూ రోమన్ నాణేలు బయటపడ్డాయి.

ఇలాంటి చరిత్రను మరోచోట ఎలా కాపాడుకున్నారో చూడండి. దక్షిణ ఇంగ్లండ్‌లోని ఫిష్‌బోర్న్‌లో 1960లో నీటి గొట్టం కోసం కందకం తవ్వుతుంటే రోమన్ భవనం జాడ తగిలింది. ఎనిమిదేళ్లలో దాని మొజాయిక్ నేలలపై కప్పు వేసి మ్యూజియం తెరిచారు. సోపారాలో అలా జరగలేదు. ఇక్కడి కరండాలు ముంబై ఏషియాటిక్ సొసైటీకి చేరాయి. ఇక్కడే దొరికిన అశోకుడి శిలాశాసనం ముక్కలు ముంబై మ్యూజియంలో ఉన్నాయి. స్తూపం దగ్గర మిగిలింది ఇటుకలే. కనీసం ఒక చిన్న ప్రదర్శనశాల, ఈ కథంతా చెప్పే బోర్డులు ఇక్కడ ఉండి తీరాలి. వాటిలో తెలుగు బోర్డు కూడా ఉండటం న్యాయం.

భివండీలోని తెలుగు సంఘాలకు, బడులకు నా విన్నపం ఒకటే. ఏటా ఒక్కసారైనా పిల్లల్ని సోపారా తీసుకెళ్లండి. బతుకుదెరువుకు వలస వచ్చిన కుటుంబాల పిల్లలు, తమ పూర్వీకుల నేలలో నేసిన బట్టకు రోమ్ వెండి చెల్లించిందని తెలుసుకుని పెరగాలి. అది వాళ్లకు దక్కాల్సిన చరిత్ర.