నాలుగు మడతల కాగితం

"ప్రార్థన చేసే అడుగుతున్నారా?" అంది మా ఆవిడ.

2006 ఏప్రిల్ 11, మంగళవారం రాత్రి. బెంగళూరు లింగరాజపురంలో మా అద్దె ఇల్లు, ఒక గదీ వంటగదీ. ఆమె చేతిలో ఉన్నది తన రాజీనామా కాగితం. మా ఆఫీసులో నేనే టైపు చేసి తెచ్చాను. సంతకం ఒక్కటే తక్కువ.

"చేశాను" అన్నాను. చెయ్యలేదు.

మారు మాట్లాడకుండా సంతకం పెట్టింది. కాగితాన్ని నాలుగు మడతలు చేసి బ్యాగులో పెట్టుకుంది. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిందేమో, చేతులు డెట్టాల్ వాసన. ఆ వాసన ఎక్కడ తగిలినా నాకు ఆ రాత్రి ఆడిన అబద్ధమే గుర్తొస్తుంది.

నర్సుగా ఆమె జీతం నా గుమాస్తా జీతంకన్నా ఎక్కువ. అది నన్ను లోపల తొలుస్తూనే ఉండేది. దానికి తోడు ఒక ఆదివారం ఆరాధన అయ్యాక సంఘంలో ఒకాయన భుజం మీద చెయ్యేసి, "మీ ఇంట్లో శిరస్సు ఎవరు బ్రదర్?" అన్నాడు. ఆయన మొహం ఇప్పుడు గుర్తు లేదు, గొంతు మాత్రం గుర్తుంది. మాది ఒంగోలు వైపు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే బాప్తిస్మం తీసుకున్న 2,222 మందిలో మా ముత్తాత కూడా ఉన్నాడని నాన్న చెప్పేవాడు. అలాంటి ఇంట్లో పుట్టినవాడిని, వాక్యం నాకు తెలియదా అనుకునేవాణ్ణి. నా బైబిల్లో ఎఫెసీ పత్రిక అయిదో అధ్యాయం 22వ వచనం కింద ఎర్ర పెన్సిలు గీత ఉండేది. భార్యలు లోబడాలన్న వచనం అది. పైనున్న వచనం కింద గీత లేదు.

మర్నాడు మధ్యాహ్నం కన్నడ సినిమా నటుడు రాజ్‌కుమార్ పోయారు. నిమిషాల్లో షట్టర్లు దిగిపోయాయి, బస్సులు ఆగిపోయాయి. శివాజీనగర్ నుంచి సందుల్లో పడి నడిచాను. ఎక్కడో టైర్లు కాలుతున్న వాసన. ఇంటి ఓనరమ్మ దగ్గరున్న పాపను ఎత్తుకునేసరికి ఫోన్ మోగింది.

"రాత్రి డ్యూటీవాళ్ళు ఎవరూ రాలేకపోయారు. వార్డు వదిలి రాలేనండీ. పాపకి జలుబుంది, వేడినీళ్ళు పట్టండి."

రెండు రాత్రులు రాలేదు. రెండేళ్ళ పిల్ల అమ్మ కోసం ఏడ్చి ఏడ్చి నా భుజం మీదే నిద్రపోయేది. కింద పెడితే లేస్తుందని అలాగే తిరుగుతుండేవాణ్ణి. నా ప్రార్థన ఎలాంటిదో ఆ గదిలో తిరుగుతున్నప్పుడే నాకు తెలిసొచ్చింది. నేను ముందే తీర్మానించుకున్నదాని మీద దేవుణ్ణి ముద్ర వెయ్యమనేవాణ్ణి, అంతే. ఈసారైతే అదీ అడగలేదు. "నిన్ను అడగలేదు ప్రభువా" అన్నాను. ఇంకేం మాటలు రాలేదు.

శుక్రవారం పొద్దున వచ్చింది, కళ్ళు గుంటలు పడి. ఆ రోజు గుడ్ ఫ్రైడే. వద్దన్నా వినకుండా ఏడు మాటల ఆరాధనకు బయల్దేరింది. రెండో మాట దగ్గరే పాపను ఒళ్ళో పెట్టుకుని, గోడకు ఆనుకుని నిద్రపోయింది. ఎవరు ఏ మాట మీద ఏం చెప్పారో నాకు ఒక్కటీ గుర్తు లేదు. ఆమెనే చూస్తూ కూర్చున్నాను.

బయటికొచ్చాక ఒక పెద్దాయన్ని పట్టుకున్నాను, గ్రీకు చదువుకున్నాయన. ఆ వచనం సంగతి అడిగితే ఆయన చెప్పింది ఇదీ: "బాగా పాత గ్రీకు ప్రతుల్లో 22లో లోబడడమనే మాటే ఉండదు నాయనా. 21 నుంచి తెచ్చుకోవాలి. ఆ 21వ వచనమేమో ఒకరికొకరు లోబడమంటుంది. మొగుడివి కదా, 25 దాకా చదువు. క్రీస్తు సంఘం కోసం ఏం చేశాడో అక్కడుంది."

ఇంటికొస్తూ దారిలోనే ఆమెకు చెప్పేశాను. "మంగళవారం అబద్ధమాడాను. ప్రార్థన చెయ్యలేదు."

"తెలుసు" అంది.

"మరి సంతకం ఎందుకు పెట్టావు?"

పాపను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది. "మీ మాట మీద పెట్టలేదండీ. దేవుడు చూసుకుంటాడని పెట్టాను."

నేను నా అధికారానికి లోబడిందనుకున్నాను. ఆమె లోబడింది వేరే చోట. నేను ఇంకా గుమ్మంలోకైనా రాని చోట.

ఆ కాగితం ఏమైందో తెలీదు. నేను చింపలేదు, ఆమె ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఉద్యోగం మాత్రం మానలేదు. ఇప్పటికీ అదే పని.

మొన్న మా అమ్మాయికి పుణేలో ఉద్యోగం వచ్చింది. "అంత దూరం ఒక్కదాన్నీ..." అని మొదలుపెట్టాను. వంటగదిలోంచి మా ఆవిడ తల తిప్పి చూసింది, ఏమీ అనలేదు.

"రెండు రోజులు ఆగు తల్లీ, చెబుతాను" అన్నాను.

ఆమె స్టవ్ ఆపి, చేతులు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది.