తాజ్‌మహల్ ముందు మా అమ్మ అడిగిన ప్రశ్న

తాజ్‌మహల్ అనగానే మీకేం గుర్తొస్తుంది? నిజం చెప్పండి. నాకైతే డ్యూయెట్టు గుర్తొస్తుంది. 1998లో ‘జీన్స్’ సినిమాలో ఒకే పాటలో ప్రపంచ వింతలన్నీ తిప్పి చూపించినప్పుడు నేను బడిపిల్లాణ్ణి. హాల్లోంచి ఇంటికొచ్చి అట్లాసు తీసి ఆగ్రా ఎక్కడుందో వేలు పెట్టి వెతుక్కున్నాను. ఆ తరువాత పాతికేళ్ళపాటు ఆ వేలు అక్కడే ఉండిపోయింది. మనిషి మాత్రం కదల్లేదు!

మా అమ్మది నాకంటే పాత బాకీ. 1979లో ఎన్.టి.రామారావుగారు స్వీయ దర్శకత్వంలో ‘అక్బర్ సలీమ్ అనార్కలి’ తీశారు కదా, తాను అక్బరు, బాలకృష్ణ సలీము, దీప అనార్కలి. ఆ సినిమాకు మా అమ్మా, మా పెద్దమ్మా ఇంట్లో చెప్పకుండా వరంగల్లులో మ్యాట్నీకి వెళ్ళారట. అందులో తాజ్‌మహల్ ఉండదు. ఉండే వీలూ లేదు, దాన్ని కట్టించింది ఆ సలీముగారి కొడుకు. అయినా బయటికొచ్చి రిక్షా ఎక్కుతూ మా పెద్దమ్మ, ‘ఎప్పటికన్న ఒక్కసారి తాజ్‌మహల్ చూడాలె’ అన్నదట. ఈ సంగతి మా అమ్మ నాకు పదిసార్లు చెప్పింది. పదిసార్లూ అక్కడికే ఆపేసేది.

సరే, ఈ మాఘమాసంలో ముహూర్తం కుదిరింది. కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు తెల్లవారకముందే ఆగ్రా కంటోన్మెంటు స్టేషన్లో దించింది. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. బస్సులో నలభై మందితోపాటు పరుగులు తీయించలేను కనుక, కారూ గైడూ మా ఇద్దరికే అని ముందే మాట్లాడుకున్నాను. ఐదున్నర వేలు. ఫ్రీలాన్సు జర్నలిస్టుకు అది చిన్న మొత్తం కాదని ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

గైడుగారికి యాభై ఏళ్ళుంటాయి. మెడలో గుర్తింపు కార్డు, తలకు మఫ్లరు, నోట్లో షాయరీ. మమ్మల్ని చూడగానే ఒక చెయ్యి గుండెల మీద వేసుకుని, ‘ప్రేమ నగరానికి స్వాగతం మాజీ!’ అన్నాడు. అమ్మకు సీరియళ్ళ పుణ్యమా అని హిందీ అర్థమవుతుంది. మాట్లాడటం మాత్రం తెలుగులోనే. మధ్యలో దుబాసీని నేను.

తూర్పు గేటు వైపు శిల్పగ్రామ్ దగ్గర కారు ఆపేశారు. పొగ తగిలి పాలరాయి పాడవుతుందని పెట్రోలు బళ్ళను అంతకంటే దగ్గరికి రానివ్వరు. అక్కడినుంచి బ్యాటరీ బండి. టిక్కెట్టు మనవాళ్ళకు 50 రూపాయలు, సమాధి మందిరం లోపలికి వెళ్ళాలంటే ఇంకో 200. శుక్రవారం సెలవు, మరిచిపోకండి.

ఎర్రరాతి పెద్ద దర్వాజా కింద చీకట్లో నడుస్తున్నాం. ఎదురుగా కమాను. ఆ కమానులో ముందు ఏమీ లేదు, తెల్లటి మంచు. ఇంకో నాలుగడుగులు వేశాక ఆ మంచులోంచే గుమ్మటం అగుపించింది. మన హాళ్ళలో తెర రెండు పక్కలకూ జరుగుతూంటే ఈలలు వేసేవాళ్ళే, సరిగ్గా అలాంటి ఘట్టం! నేను ఈల వేయలేదు. వేసుంటే బావుండేదని ఇప్పుడనిపిస్తోంది.

గైడుగారు మొదలెట్టాడు. ‘ఇరవై వేల మంది కూలీలు! కట్టడం పూర్తవగానే ఇలాంటిది మరొకటి కట్టకూడదని షాజహాన్ వాళ్ళ చేతులు...’

‘ఆగమను’ అంది అమ్మ. ‘గదంత సినిమాల చూసినం. జరిగిందే చెప్పమను.’

నేను కొంచెం మెత్తగా అనువదించాను. ఆయన మఫ్లరు సర్దుకుని, అమ్మ వంక ఓసారి ఎగాదిగా చూసి నవ్వాడు. ‘చేతులు నరికించిన దానికి ఆధారం లేదు మాజీ. కట్టిన ఉస్తాద్ అహ్మద్ లాహోరీకే తరువాత ఢిల్లీ ఎర్రకోట పని అప్పజెప్పాడు పాదుషా. కానీ జనానికి చేతులు నరికిన కథే కావాలి. చెప్పకపోతే గైడుకు ఏమీ తెలియదనుకుంటారు.’

అక్కడినుంచి ఆయన మాట తీరే మారిపోయింది. షాయరీ తగ్గింది, సరుకు పెరిగింది. నాలుగు మినార్లూ నిటారుగా లేవట, కాస్త బయటికి వాలి ఉన్నాయట. భూకంపం వచ్చి పడినా సమాధి మీద పడకుండా! ద్వారం చుట్టూ నల్లరాతితో పొదిగిన ఖురాన్ వాక్యాలు చూడండి. కిందినుంచి పైదాకా అక్షరాలన్నీ ఒకే సైజులో కనిపిస్తాయి. నిజానికి పైకి పోయేకొద్దీ పెద్దవవుతాయి. మన థియేటర్ల ముందు నలభై అడుగుల కటౌట్లు కట్టేవాళ్ళకు ఈ కిటుకు తెలుసు. తల కొంచెం పెద్దగా గీయకపోతే కిందనుంచి చూసే అభిమానికి హీరో తల నిమ్మకాయంత కనిపిస్తుంది. ఈ అక్షరాలు రాసినాయన అమానత్ ఖాన్. లోపల తన పేరు కూడా చెక్కుకున్నాడు. టైటిల్ కార్డు వేసుకున్నాడన్నమాట.

చెప్పులకు తొడుగులు వేసుకుని లోపలికి వెళ్ళాం. ఫొటోలు తీయనివ్వరు, మంచిదే. జాలీ పనితనం వెనక రెండు సమాధులు. సరిగ్గా మధ్యలో ముంతాజ్ బేగంది. పక్కన, కాస్త పెద్దది షాజహాన్‌ది. ఇంత కొలతల కట్టడంలో ఒక పక్కకు ఒరిగిపోయినట్టుండేది అదొక్కటే, ఎందుకంటే ఈ ఇల్లు ఆమె కోసం కట్టారు. ఆయన తరువాత వచ్చి చేరాడు. ఇవి పైకి కనిపించే గుర్తులే, అసలు సమాధులు కింది గదిలో ఉన్నాయి.

బయటికొచ్చి నదివైపు నీడలో కూర్చున్నాం. అమ్మ మోకాళ్ళు ఒత్తుకుంటూ, ‘ఏమైందట ఆమెకు?’ అని అడిగింది.

ప్రేమ నగరంలో ఈ ప్రశ్నకు జవాబు చాలామందికి తెలియదు, నాతో సహా. గైడుగారు చెప్పాడు. 1612లో పెళ్ళి. పందొమ్మిదేళ్ళ కాపురం. ముంతాజ్‌కు పద్నాలుగు కాన్పులు, పిల్లల్లో సగం మంది పసితనంలోనే పోయారు. భర్త దండయాత్రకు వెళ్ళినా వెంట వెళ్ళేది. 1631 జూన్‌లో అట్లాగే దక్కనుకు వచ్చిన చోట, బుర్హాన్‌పూర్‌లో, పద్నాలుగో కాన్పులో పోయింది. వయసు ముప్పై ఎనిమిది. ముందు అక్కడే తోటలో పూడ్చిపెట్టి, కొన్ని నెలలకు ఇక్కడికి తెచ్చారు. 1632లో ఈ పని మొదలైంది.

అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. సెల్ఫీల వాళ్ళు మా ముందునుంచి పోతున్నారు, గుమ్మటం కొసను రెండు వేళ్ళతో పట్టుకున్నట్టు ఫొటోలు దిగుతున్నారు. తరువాత మెల్లగా, ‘ఆ కాన్పుల పుట్టిన పిల్ల బతికిందా?’ అంది.

అనువదించి చెప్పాను. గైడుగారు నోరు తెరిచి, మళ్ళీ మూశాడు. ‘ఇరవై రెండేళ్ళనుంచి ఈ పని చేస్తున్నాను. ఎందరికో చెప్పాను. ఈ మాట ఎవ్వరూ అడగలేదు మాజీ’ అన్నాడు. ‘బతికింది. ఆడపిల్ల. గౌహరారా బేగం. డెబ్బై ఏళ్ళు దాటి బతికింది.’

‘బతికింది’ అని అమ్మ తనలో తాను అనుకుంది.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. మా పెద్దమ్మ, ఆ మ్యాట్నీ చూసిన మరుసటేడే, నాలుగో కాన్పులో పోయింది. నేను పుట్టకముందు మాట. మా ఇంట్లో ఆమెది ఒకే ఒక్క ఫొటో ఉంది. ఆ కాన్పులో పుట్టిన పిల్లను మా అమ్మమ్మా, మా అమ్మా పెంచారు. నాకు అక్క. కరీంనగర్‌లో ఉంటుంది, ఇద్దరు పిల్లల తల్లి. ఇవన్నీ నాకు విడివిడిగా ఎప్పటినుంచో తెలుసు. ఆ రిక్షా మాటకూ దీనికీ ముడి ఉందని మాత్రం తాజ్‌మహల్ అరుగు మీద కూర్చున్నాకే తట్టింది. మా అమ్మ పదిసార్లూ కథను అక్కడికే ఎందుకు ఆపేసేదో కూడా.

బేడ్మీ పూరీ, జిలేబీ టిఫిను చేసి ఆగ్రా కోటకు వెళ్ళాం. ఇక్కడ మన సినిమా వాళ్ళతో నాకు చిన్న పేచీ ఉంది. తెర మీద అక్బరు ఎప్పుడూ తెల్లటి పాలరాతి దర్బారులో నిలబడి గర్జిస్తూంటాడు. అక్బరు 1565లో మొదలెట్టి కట్టిన ఈ కోట ఎర్రరాయి! తెల్లరాతి సోకులు చాలావరకు మనవడు షాజహాన్ చేసుకున్నవి. తాత కట్టడాల్ని పడగొట్టి మరీ కట్టుకున్నాడు. అక్బరు రుచి ఏమిటో తెలియాలంటే జహంగీరీ మహల్ చూడాలి. ఎర్రగా, బరువుగా, తోరణాలూ దూలాలతో మన గుళ్ళ మండపాల్ని తలపిస్తూ ఉంటుంది.

‘అద్దాల మహల్ ఏది? అనార్కలి ఆడింది?’ అమ్మ ముఖంలోకి కాస్త వెలుగొచ్చింది.

ఇక్కడి శీష్ మహల్‌కు తాళం. అయినా ‘మొఘల్-ఎ-ఆజం’లో మధుబాల ఆడిన అద్దాల మహల్ ఆగ్రాలోదీ కాదు. బొంబాయి మోహన్ స్టూడియోలో కె. ఆసిఫ్, బెల్జియం అద్దాలతో వేయించిన సెట్టు. 1960లో విడుదలైన ఆ సినిమా చాలావరకు బ్లాక్ అండ్ వైట్, ఆ పాట రంగుల్లో. 2008లో వచ్చిన ‘జోధా అక్బర్’కు కూడా మహారాష్ట్రలోని కర్జత్‌లో కోట సెట్టు వేశారు. ‘జోధా గది ఏదని కుర్రకారు రోజూ అడుగుతారు. సలీము తల్లి బిరుదు మరియం-ఉజ్-జమానీ. అక్బర్‌నామాలో జోధా అన్న పేరు లేదు’ అన్నాడు గైడుగారు. అనార్కలి పేరూ అందులో లేదు, జహంగీరు స్వయంగా రాసుకున్న జ్ఞాపకాల్లోనూ లేదు. ఆమెదని చెప్పే సమాధి లాహోర్‌లో ఉంది. ఆ కథను మొదట కాగితం మీద పెట్టినవాళ్ళలో ఒకడు విలియం ఫించ్ అనే ఇంగ్లీషు వర్తకుడు. 1922లో ఇంతియాజ్ అలీ తాజ్ ఉర్దూలో నాటకం రాశాడు. అక్కడినుంచి సినిమాల వరస. 1953లో హిందీలో, 1955లో మన అంజలీదేవి, నాగేశ్వరరావుల ‘అనార్కలి’, ఆపైన మిగిలినవి. 1953 హిందీ సినిమాకు బాణీలు కట్టిన సి. రామచంద్రే మన 1979 సినిమాకూ కట్టారు.

‘లేని పిల్ల కోసం మేము గంత ఏడ్చినమా?’ అంది అమ్మ. అని నవ్వింది. ఆ రోజు అదే మొదటి నవ్వు.

ముసమ్మన్ బుర్జ్ దగ్గర కటకటాల బయటినుంచే చూడాలి. కొడుకు ఔరంగజేబు 1658లో బంధించాక, 1666లో పోయేదాకా షాజహాన్ ఇక్కడే ఉన్నాడు. దూరంగా యమున ఒంపులో తాజ్ ఆటబొమ్మలా కనిపిస్తుంది. ఆ ఎనిమిదేళ్ళూ పెద్దకూతురు జహనారా ఆయన దగ్గరే ఉంది. తల్లి పోయేనాటికి ఆమెకు పదిహేడేళ్ళు. అమ్మ ఈ లెక్కలన్నీ శ్రద్ధగా విన్నది. నేను నోట్సు రాసుకుంటుంటే, ‘పిల్ల పేరు రాసినవా?’ అని అడిగింది. జహనారా అనుకున్నాను. ఆమె అడిగింది గౌహరారా గురించి.

కోటనుంచి బయటికి రాగానే కారు ఎటో మళ్ళింది. పాలరాతి బొమ్మల దుకాణం! ఇది లేకుండా ఆగ్రా యాత్ర ఉండదు. కారు ఆగితే గైడుకింత, డ్రైవరుకింత. నేను మొహం మాడ్చుకున్నాను. అమ్మ మాత్రం లోపలికి వెళ్ళి, సానరాయి ముందు కూర్చుని మెంతిగింజంత ఎర్రరాయిని పువ్వురేకుగా అరగదీస్తున్న కుర్రాణ్ణి అరగంటసేపు చూసింది. ఒక్క రేకే అయింది. ఏమీ కొనకుండా లేచాం. గైడుగారు ముఖం చిన్నబుచ్చుకోలేదు. పైగా దారిలో తన డబ్బుతో అమ్మకు పావుకిలో పేఠా కొనిచ్చాడు. బూడిద గుమ్మడికాయ మిఠాయి అని చెబితే, ‘దీంతోని వడియాలు పెడతరు గని మిఠాయి చేస్తరా!’ అని అమ్మ ఆశ్చర్యపోయింది.

ఫతేపూర్ సిక్రీ జాబితాలోంచి కొట్టేశాం. బులంద్ దర్వాజా మెట్లు అమ్మ మోకాళ్ళకు పడవు. నాకు లోపల కొంచెం బాధగానే ఉంది, దాచడమెందుకు. దానికి బదులు యమున దాటి ఇతిమాద్-ఉద్-దౌలా సమాధికి వెళ్ళాం. 1622, 1628 మధ్య నూర్జహాన్ తన అమ్మా నాన్నల కోసం కట్టించింది. వాళ్ళు ముంతాజ్‌కు నాయనమ్మా తాతయ్యా. తాజ్‌లో మనం నోరెళ్ళబెట్టి చూసే పాలరాతి పొదుగుడు పనికి ముందడుగు ఇక్కడ పడింది. జనం లేరు. గోడల మీద కూజాలు, పళ్ళు, సైప్రస్ చెట్లు, అంతా నగలపెట్టెలా ఉంది. ఇక్కడ కూడా మధ్యలో ఉన్నది అమ్మ సమాధే, నాన్న పక్కన. నన్నడిగితే ఆగ్రాలో రెండుసార్లు చూడాల్సింది ఇదే.

సాయంత్రం మెహతాబ్ బాగ్. నదికి ఇవతల, తాజ్‌కు సరిగ్గా ఎదురుగా ఉన్న తోట. షాజహాన్ ఇక్కడ నల్ల తాజ్‌మహల్ కట్టాలనుకున్నాడని కథ. 1990లలో తవ్వి చూస్తే నల్లరాయి దొరకలేదు, నల్లబడిన తెల్లరాయీ, ఎనిమిది మూలల పెద్ద కొలనూ బయటపడ్డాయి. తాజ్ నీడ నీళ్ళలో పడేందుకు కట్టిన కొలను. ఈ సంగతి గైడుగారు ఎవరూ అడక్కుండానే చెప్పాడు.

పొద్దు వాలుతోంది. గుమ్మటం ముందు పసుపు, తరువాత లేత గులాబి. అమ్మ నా ఫోను తీసుకుంది. వీడియో కాల్ పెట్టమంది. కరీంనగర్‌లో మా అక్క వంటింట్లో ఉన్నట్టుంది, వెనక కుక్కరు కూత.

‘ఏందమ్మా, ఎక్కడున్నరు?’

‘ఇగో చూడు’ అని అమ్మ ఫోను అటు తిప్పింది. చేతులు వణకడంతో గుమ్మటం ఒకసారి, ఆకాశం ఒకసారి, నది ఒకసారి పడుతున్నాయి. ‘కనబడ్తుందా? మంచిగ చూడు. మీ అమ్మ చూస్తనన్నది.’

అవతల అక్క స్టవ్ కట్టేసినట్టుంది. కుక్కరు చప్పుడు ఆగింది. గేటు దగ్గర చౌకీదారు మూసే వేళయిందని విజిల్ వేశాడు. గైడుగారు వెళ్ళి అతనితో ఏదో చెప్పి, మావైపు చూస్తూ అక్కడే నిలబడ్డాడు.