పేరు లేని పాట

2023 మార్చి 13. ఉదయాన్నే ఆఫీసు టీవీ ముందు గుమిగూడాం. 'నాటు నాటు'కి ఆస్కార్! ఈలలు, స్వీట్లు, ఆపైన కథనం కోసం ఉరుకులు. రాత్రి ఇల్లు చేరేసరికి నాన్న ఇంకా నిద్రపోలేదు. ఆయాసం.

''మన పాటకే వచ్చిందటగా'' అన్నారంతే. ఆ ఫిబ్రవరిలోనే రెండ్రోజుల తేడాతో కె.విశ్వనాథ్, వాణీ జయరాం పోయారు. 'శంకరాభరణం' పాటలన్నీ నోటికొచ్చిన మనిషి. మధ్యలో ఊపిరి అందక ఈల శబ్దం వస్తోందని, ఎవరైనా వింటారని, ఏడాదిగా పాడటమే మానేశారు.

మార్చి 28న జపాన్ స్వరకర్త ర్యుయిచి సకమోటో కన్నుమూశారు. 'ది లాస్ట్ ఎంపరర్' సంగీతానికి 1988లో ఆస్కార్ పంచుకున్నాయన. వార్త రాద్దామని ఆయన చివరి ఆల్బమ్ '12' వెతికాను. ఆ జనవరి 17న, 71వ పుట్టినరోజున విడుదలైంది. క్యాన్సర్ చికిత్సల మధ్య పియానో, సింథసైజర్ మీద వాయించుకున్న 12 ముక్కలు. వాటిలో దాదాపు అన్నిటికీ పేర్లు లేవు, తేదీలే! వార్త మాట మర్చిపోయి వింటూ ఉండిపోయాను.

ఆ రాత్రి హెడ్‌ఫోన్స్ నాన్న చెవులకు పెట్టాను.

''ఎవరో రొప్పుతున్నట్టుందే?''

''వాయించేది ఆయనే నాన్నా.''

''తీసేయలేదా?''

''లేదు.''

చివరిదాకా విన్నారు. తెల్లవారి నేను ముఖం కడుక్కుంటుంటే వరండాలోంచి 'మానస సంచరరే' వినపడింది. పల్లవిలోనే రెండుసార్లు ఆగింది.