గుమాస్తా పక్కన కుర్చీ

ఆదోనిలో ఏ వ్యాపారి దగ్గరికైనా పోయి "మీకు సమయం ఆదా చేస్తాను" అని చెప్పి చూడండి. మర్యాదకు టీ తెప్పిస్తాడు, పని మాత్రం ఇవ్వడు. ఇక్కడ సమయం ఖరీదైన సరుకు కాదు. పత్తి మండీలో పొద్దున కూర్చున్న గుమాస్తా రాత్రి దీపాలు ఆర్పే వేళకు లేస్తాడు. అందులో రెండు గంటలు మిగిల్చిపెడితే సావుకారికి ఒరిగేదేముంది, జీతం ఎట్లాగూ నెలకే కదా. ఏఐ ఆటోమేషన్ ఏజెన్సీ ఎలా పెట్టాలో చెప్పే యూట్యూబ్ పాఠాలన్నీ ఈ సమయం ఆదా మాటతోనే మొదలవుతాయి. అందరూ చూపించే నమూనా కూడా ఒకటే: పళ్ల డాక్టరు, ఆయన అపాయింట్‌మెంట్లు రాసుకునే బాట్. మా ఊరి పళ్ల డాక్టరొకాయన బయట బెంచీ మీద వరుసగా కూర్చున్నవాళ్లను చూపించి, "ఫోన్లో బుక్ చేసుకుని ఎవరొస్తారప్పా?" అన్నాడు.

అమ్ముడుపోయేది మరుపు లేకపోవడం. ఉద్దర తీసుకున్నవాడికి సమయానికి గుర్తుచేయకపోతే పోయే డబ్బు, రైతుకు నోటితో చెప్పిన రేటుకూ చీటీలో పడిన రేటుకూ తేడా వస్తే జరిగే రచ్చ, రాత్రి పదింటికి వచ్చి తెల్లారేసరికి వాట్సాప్‌లో అడుగుకు జారిపోయే ఆర్డరు. వీటివల్ల పోయింది వ్యాపారికి పైసలతో సహా గుర్తుంటుంది. ఏఐ ఆటోమేషన్ చేసిపెట్టే నా పనంతా ఆ చోట్లలోనే ఉంది.

ఆదోనిని ఒకప్పుడు రెండో బొంబాయి అనేవాళ్లు. పత్తి, జిన్నింగ్ మిల్లులు, నూనె మిల్లులు, గుంతకల్లు-రాయచూరు రైలుదారి కలిసి తెచ్చిన పేరు అది. మిల్లులు చాలా మూతపడ్డాయి గానీ మార్కెట్ యార్డుకు సీజన్లో వచ్చే పత్తిని చూస్తే ఆ పేరు ఊరికే రాలేదనిపిస్తుంది. దసరా దాటాక ఆలూరు, కౌతాళం, హొళగుంద వైపు నుంచి బండ్లు బారులు తీరుతాయి. టెండరు తేలాక తూకం, తూకం అయ్యాక మండీలో చీటీ. నేను పట్టుకున్నది ఆ చీటీనే.

చీటీలో ఊరు, పేరు, తూకం, రేటు, మొత్తం, హమాలీ, ఇతర కోతలు ఉంటాయి. గుమాస్తా ఫోనుతో ఫొటో తీస్తాడు. అద్దె సర్వరులో నడిచే ఆటోమేషన్ సాఫ్ట్‌వేరు ఎన్‌ఎయిట్‌ఎన్ దాన్ని ఫొటోలు చదవగల ఒక ఏఐ మోడల్‌కు పంపుతుంది, అది అంకెలు చదివి గళ్లలో పెడుతుంది. ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు. సిరా అలుక్కుపోయిన చోట మోడల్ తనకు తెలియదని చెప్పదు, నమ్మేట్టుగా ఒక అంకె వేసేస్తుంది. అందుకని అర్థం కాకపోతే గడి ఖాళీగా వదలమని గట్టిగా చెప్పిపెట్టాలి, అంతటితో దాన్ని నమ్మకూడదు కూడా. కూడికలు, గుణకారాలు నేను మోడల్‌తో చేయించను. తూకాన్ని రేటుతో హెచ్చవేసే పనికి మామూలు ప్రోగ్రాము చాలు. ఆ లెక్క చీటీలో చేత్తో రాసిన మొత్తంతో కలవకపోతే అంతా అక్కడే ఆగిపోతుంది, గుమాస్తా ఫోన్లో ఎర్ర గుర్తు పడుతుంది. రేటుకు ఇంకో కంచె ఉంది. ఆరోజు యార్డులో పలికిన కనిష్ఠం, గరిష్ఠం పొద్దుగూకేసరికి తెలిసిపోతాయి. వాటికి బయటున్న అంకె ఏదొచ్చినా మనిషి చూడకుండా ముందుకు పోదు.

ఈ కంచె అవసరం రాసిన చీటీ కన్నా నోటితో చెప్పే రేటుకే ఎక్కువ. మండీలో ఎవరూ "ఏడు వేల ఐదు వందల రూపాయలు" అనరు. "ఏడున్నర పోయిందన్నా" అంటారు. యంత్రం దాన్ని 7.5 అని రాసుకుంటుంది. "ఏడూ ఆర్నూర్లు" అంటే 7600 అని దానికి ఒక్కొక్కటిగా నేర్పుకోవాలి. 2022లో విస్పర్ వచ్చాక, అదే ఏడు కేంద్రం భాషిణి తెచ్చాక, ఐఐటీ మద్రాసులోని ఏఐ ఫర్ భారత్ వాళ్ల మోడళ్లు అందరికీ దొరికాక, తెలుగు మాటను రాతగా మార్చడం మాలాంటి చిన్నవాళ్ల చేతికీ అందింది. టీవీ వార్తల తెలుగయితే చక్కగా దిగుతుంది. తెలుగులో మొదలై కన్నడంలో తిరిగి మళ్లీ తెలుగులో ముగిసే మా సరిహద్దు మాట, అదీ వెనకాల ట్రాక్టరు మోగుతుండగా, ఇప్పటికీ సగం సగమే.

పేర్ల సంగతి ఏ పాఠంలోనూ ఉండదు. ఉరుకుంద ఈరన్న స్వామి, మంత్రాలయం రాఘవేంద్ర స్వామి మా వైపు ఇళ్లల్లో సగం మందికి పేర్లు ఇచ్చారు. ఒకే ఊళ్లో నలుగురు ఈరన్నలు, ముగ్గురు ఉరుకుందులు, ఎటు తిరిగినా ఒక నర్సప్ప. ఫోన్ నంబరును బట్టి మనిషిని పట్టుకోవచ్చు కదా అంటారు బయటివాళ్లు. ఒక నంబరును అన్నదమ్ములిద్దరూ వాడతారు. మరో రైతు ఇచ్చింది బెంగుళూరులో కట్టడం పనికి పోయిన కొడుకు నంబరు, పత్తి రేటు ముందు అక్కడ తెలుస్తుంది. కోసిగి, కౌతాళం పల్లెల్లో సీజను నడుమే ఇళ్లకు తాళాలు వేసి గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గి పోతారు. అప్పుడు రీచార్జి అయిపోయిన ఫోన్లలో మెసేజీ ఒంటి టిక్కుతో పడి ఉంటుంది. గుమాస్తా మాత్రం ఎన్నడూ తికమక పడడు. చీటీ మూలన రైతు తండ్రి పేరో, ఇంటి గుర్తో, ఎగతాళి పేరో గీకి ఉంటాడు. దానికి కూడా ఒక గడి కేటాయించాను. వ్యవస్థలో అన్నిటికన్నా నమ్మకమైన గడి అదే.

మొదట్లో ఒక పెద్ద గుమాస్తా నన్ను చూసి, "ఏం సామీ, నన్ను ఇంటికి పంపేకి వచ్చినావా?" అని అడిగాడు. నవ్వుతూనే అడిగాడు గానీ ప్రశ్న నిజమైనదే. సావుకారి ఎదుట కూర్చుని చూపించే డెమో కన్నా గుమాస్తా పక్కన కుర్చీ వేసుకుని చూసే రోజులే ఈ వృత్తిలో అసలు పెట్టుబడి అని నా అభిప్రాయం. చివరి "సరే" నొక్కేది గుమాస్తానే. ఆయన నొక్కనిదే రైతుకు మెసేజీ పోదు, ట్యాలీలో ఎంట్రీ పడదు. ఇది దయతో పెట్టింది కాదు. ఆయన పక్కకు తప్పుకున్న మండీలో నా సరంజామా వారం నిలవదు. "మనిషి అక్కర్లేదు" అని చెప్పి అమ్మేవాళ్లు ఈ వైపు రెండోసారి కనబడకపోవడానికి కారణం కూడా ఇదే అనుకుంటాను.

వాట్సాప్ ఖర్చు విషయంలో ఒక కిటుకు ఉంది. 2025 జులై 1 నుంచి వ్యాపారాలు పంపే టెంప్లేట్ మెసేజీలకు ఒక్కోదానికి ఇంత అని లెక్క. కానీ అవతలివాళ్లు ముందు పలకరిస్తే 24 గంటలపాటు ఇచ్చే మామూలు జవాబులకు రుసుము లేదు. అందుకే మండీ గోడకు ఒక క్యూఆర్ కాగితం అంటించి, సరుకు దించగానే రైతుచేతో, వెంట వచ్చిన కుర్రవాడిచేతో ఒక "నమస్తే" పెట్టిస్తాము. తూకం, రేటు, చేతికొచ్చే మొత్తం ఆ గడువులోనే వెళ్లిపోతాయి. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం వాట్సాప్ సేవ మన మిత్ర మొదలుపెట్టాక ఈ నమస్తే పెట్టించడం తేలికయింది. సర్టిఫికెట్లే వాట్సాప్‌లో వస్తున్నాయి, పత్తి లెక్క రాదా అని రైతులే అంటున్నారు. అదే ఏడు మద్దతు ధరకు కొనే సీసీఐకి పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో పేరు నమోదు, స్లాటు వచ్చాయి. పొడుగు పింజ మద్దతు ధర క్వింటాలుకు 8110 రూపాయలు ఉన్న సీజను అది. స్లాటు ఎలా పెట్టాలని మా మెట్లెక్కినవాళ్లకు చేసిపెట్టాము. అది నా వ్యాపారం కాదు, కానీ ఈ ఊళ్లో కంప్యూటర్ పెట్టుకుని కూర్చున్నవాడు కాదనలేడు.

నేతగాళ్ల ఊరు ఎమ్మిగనూరులో నా పని తీరే వేరు. 1938లో మాచాని సోమప్ప నేతగాళ్ల సహకార సంఘం పెట్టినప్పుడు నూలు ఇవ్వడం, గుడ్డ తీసుకోవడం, బయట అమ్మడం సంఘం చూసుకునేది. మగ్గం మనిషికి మగ్గమే పని. ఇప్పుడు దుప్పట్లు, తువ్వాళ్లు నేయించి అమ్మే మనిషి ఆ మూడు పనులనూ ఒక్క ఫోన్లోంచి చేస్తున్నాడు. దుకాణాలవాళ్లు పాత దుప్పటి ఫొటో ఒకటి పంపి "ఇదే, యాభై" అంటారు. ఫొటోను స్టాకు ఫొటోలతో పోల్చే మోడళ్లు ఉన్నాయి, అంచులు, గళ్లు బాగానే పట్టుకుంటాయి. రంగు దగ్గరే చిక్కు. ట్యూబులైటు కింద తీసిన మెరూన్ ఎరుపులా కనబడుతుంది. దీనికి దొరికిన మందు ఏఐ కాదు. డిజైను నంబరు అచ్చువేసిన చిన్న బట్ట ముక్క దుప్పటి మూలన కుట్టించాము. కొన్నవాడు ఆ మూల ఫొటో తీసి పంపితే చాలు. నంబరు లేని పాత సరుకు వస్తే మోడల్ మూడు దగ్గరి డిజైన్లు చూపిస్తుంది, ఏదన్నది అమ్మే మనిషి ఇంటావిడ తేలుస్తుంది. రంగుల మీద ఆ ఇంట్లో ఆమెదే చివరి మాట.

మంత్రాలయం లాడ్జీలు నాకు సులువైన పని. అడిగేవాళ్లలో ఎక్కువమంది కర్ణాటక భక్తులు, కన్నడం మోడళ్లకు బాగానే వచ్చు. గది ఉందో లేదో షీటు చూసి చెప్పడం వరకే బాట్ పని, ఖాయం చేసేది మేనేజరు. శ్రావణంలో రాఘవేంద్ర స్వామి ఆరాధన రోజుల్లో బాట్ ఆపేయమంటాను. గదులు ఎట్లాగూ ఉండవు, లేవన్న మాట మనిషి చెబితేనే భక్తులు వింటారు.

బాకీల వసూలుకు యంత్రం గొంతుతో ఫోన్లు చేయించమని అడిగేవాళ్లు ఏటా వస్తారు. డబ్బు బాగానే ఇస్తామంటారు. వలస పోయిన మనిషికి పూటకోసారి ఆ గొంతు మోగడం నాకు ఇష్టం లేదు, చేయను. చేసేవాళ్లు ఎక్కడో దొరుకుతారు.

నెలనెలా బిల్లు పద్ధతి ఇక్కడ పొసగదు. పత్తి నడిచే నెలల్లో అడగకుండానే ఇచ్చే సావుకారు మే నెలలో నా ఫోను ఎత్తడు. కాబట్టి మండీలకు సీజను లెక్క, లాడ్జీలకు నెల లెక్క, ఎమ్మిగనూరు వాళ్లకు డిజైన్ల లెక్క పెట్టుకున్నాను. సర్వరు అద్దెకు మాత్రం సీజను లేదు, అది మంత్రాలయం డబ్బుతో గట్టెక్కుతుంది. ఈ వేసవికి ఒక జిన్నింగ్ మిల్లు కొత్త పని అడిగింది. 170 కిలోల బేలు ఒక్కోదానికి నంబరు, తూకం, ఏ లాటు పత్తో ఆ వివరం, అన్నీ ఒకచోట కనబడాలట. ఇప్పుడు ఆ పుస్తకం ఎవరు రాస్తున్నారని అడిగాను. రాసే గుమాస్తా కూతురి పెళ్లికని సెలవులో ఉన్నాడట. ఆయన వచ్చాకే ధర చెబుతానన్నాను.