ఎంపీసీనా, బైపీసీనా అని అడగని చోటు

చిల్లకూరు నుంచి నిన్న మేనకోడలు ఫోన్ చేసింది. పది పాసయింది. నెల్లూరులో ఓ రెసిడెన్షియల్ కాలేజీకి పోతే మొదటి ప్రశ్నే ఎంపీసీనా, బైపీసీనా అని. "రొయ్యల గుంటలో ఆక్సిజన్ తగ్గితే చెప్పే మిషన్ చెయ్యాల మామా. దానికి రెండూ కావాల గదా" అంది పిల్ల. నోటుబుక్కులో బొమ్మ కూడా గీసుకుపోయింది. "బొమ్మలు సెలవుల్లో గీసుకో" అన్నారట అక్కడ. ఆ మాటకు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

నేనుండేది బోస్టన్‌లో. చార్లెస్ నది దాటితే ఎంఐటీ మీడియా ల్యాబ్. ఆ ప్రశ్న అడగని చోటు అది. 1985లో దాన్ని జెరోమ్ వీస్నర్‌తో కలిసి పెట్టిన నికొలస్ నెగ్రొపాంటీ చదివింది ఆర్కిటెక్చర్. లోపల చాలా గోడలు అద్దాలవే, ఒకరి పని ఇంకొకరికి కనపడుతుంది. టాడ్ మాకోవర్ సంగీతకర్త, అక్కడే కొత్త వాయిద్యాలు తయారుచేశాడు. కొండెక్కుతూ మంచులో చిక్కుకుని మోకాళ్ల కింద రెండు కాళ్లూ పోగొట్టుకున్న హ్యూ హెర్, తను రూపొందించిన కృత్రిమ కాళ్లతోనే నడుస్తాడు. ఆయన్ని ఏ గ్రూపులో వేస్తాం? ఎముకలూ తెలియాలి, మోటార్లూ తెలియాలి. 2010లో రమేష్ రస్కర్ బృందం ఫోన్‌కి తగిలించి కంటి పవర్ చూసే 'నేత్ర'ను చేసింది. మీడియా ల్యాబ్‌తో స్నేహం హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి దాకా వచ్చింది. అక్కడ డాక్టర్లూ ఇంజనీర్లూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు.

అంత మాత్రాన ఇదంతా వాళ్లకే తెలుసంటే ఒప్పుకోను. మా నాయన తెల్లవారుజామున గుంట గట్టు మీద చెక్‌ట్రే ఎత్తి, టార్చి వేసి, మేత మిగిలిందా, రొయ్య పేగు నిండిందా చూసేవాడు. నీటి రంగు చూసి ఏరియేటర్ వేయమనేవాడు. మోటారు కాలితే గూడూరు పోయి, వైండింగ్ చేసేవాడి పక్కనే కూర్చుని అదీ నేర్చుకున్నాడు. జీవశాస్త్రం, కరెంటు, లెక్క ఒక్క మనిషిలోనే ఉండేవి. కాలేజీ మొహం చూడలేదు కాబట్టి ఆయనలో వాటిని ఎవరూ విడదీయలేదు.

కాలేజీలో చదివినా ఒక్క గిరిలో ఉండిపోని వాళ్లూ మనలో ఉన్నారు. పాత చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివింది సివిల్ ఇంజనీరింగ్. తర్వాత కంప్యూటర్‌కి మనిషి మాట అర్థమయ్యేలా చేసే పనిలో దిగారు. కార్నెగీ మెలన్‌లో 1979లో మొదలైన రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కి తొలి డైరెక్టర్ ఆయనే. 1994లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. సివిల్ చదివావు, సివిల్లోనే ఉండమని ఆయన్ని ఎవరైనా కట్టేసి ఉంటే?

2025-26 నుంచి ఆంధ్రప్రదేశ్ ఇంటర్‌లో లెక్కలూ, జీవశాస్త్రమూ రెండూ చదివే ఎంబైపీసీ వచ్చింది. ఆలస్యమైనా మంచి పని. అక్కా, బావా, పిల్లను అందులో చేర్చండి. మీ ఇంట్లోనూ పది పాసైన పిల్లలుంటే, ఎంబైపీసీ ఉందా అని కాలేజీ వాళ్లను అడగండి. లేదంటే ఎందుకు లేదో చెప్పమనండి. ఊరికి పదిమంది తల్లిదండ్రులు గట్టిగా అడిగితే పెట్టక ఏం చేస్తారు?